తరుగు

ఎనుమాముల యార్డుల
తేజ మిర్చి దిగిన దినం
గాలి గూడ దగ్గుతది.
కాంటా కాడ కూసుండి నేను తక్‌పట్టీలు రాస్తుంట.
బస్తాకు ఇంత తరుగు, సంచికి ఇంత,
చేతికి వచ్చేది ఇంత.

తరుగు దియ్యని లెక్క ఒక్కటే.
పద్దు పుస్తకం ఆఖరి పేజీల
పెన్సిల్‌తోని గీసిన గీతలు.
పదకొండు.

కాజీపేటల స్వరూప ఇల్లు, రెండో అంతస్తు,
మిషను మీద సగం కుట్టిన జాకెట్టు,
గూడ్సు బండి పోతుంటే
గిలాసల నీళ్లు వణికినయ్.
ఆ రాత్రి నుంచి పదకొండు.

చినగలే. జారలే.
బాత్‌రూముల లైటుకు అడ్డం పట్టి సూసిన,
నల్లా కింద నీళ్లు నింపి సూసిన
పదో తరగతి ప్రయోగం లెక్క.
ఒక్క సుక్క కారలే.
కారింది నా నెత్తిలనే.

మూడో నాడు గొంతు గరగర.
మిర్చి యార్డుల ఎవ్వని గొంతు గరగరమనది?
ఐదో నాడు ఒంటేలుకు పోతే మంట.
ఏడో నాడు తొడ మీద ఎర్ర పొక్కు,
గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టి సూసిన.
దోమ.
దోమనే గావొచ్చు.
రాత్రి దుప్పటి కింద ఫోను వెలుగుల
రోగాల పేర్లు సదువుకుంట
ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గుర్తు
నా ఒంట్ల ఎతికి మరీ ఇచ్చిన.

హమాలీ కొమురయ్యకు మంట సంగతి ఒక్కటే చెప్పిన.
నోరంత తెరిచి నవ్విండు.
"పోయొచ్చినంక గాదు గుమస్తా సారూ,
పోకముందే కడుక్కోవాలె చేతులు.
కొత్తల మాకందరికీ అయింది."
సబ్బు పెట్టి రెండుసార్లు కడిగిన.
మంట పోయింది.
భయం అక్కడ్నే కూసున్నది,
తూకం అయినా ఎవ్వలు ఎత్తని బస్తా.

పన్నెండో నాడు ఎం.జి.ఎం.
ఓపీ చిట్టీకి పేరు చెప్పుమంటే
నోరు రాలే.
దినాం మున్నూరు మంది పేర్లు రాసేటోన్ని.
గది బయట బల్ల మీద నలుగురం,
నలుగురం నాలుగు దిక్కుల గోడలు సూసుకుంట.

జరీనా మేడం తలుపు దగ్గరికేసి ఫ్యాను పెంచింది.
"చినిగిందా?"
లే.
"మొదటి నుంచి ఆఖరిదాక ఉన్నదా?"
ఉన్నది.
"అయితే నీకు ముప్పు శానా తక్కువ.
సున్న అని నేను రాసియ్య.
ఎవ్వలు రాసియ్యరు.
ఇయ్యాల ఒక పరీక్ష, మూడు నెలలకు ఇంకోటి,
నడుమల ఏమన్న కనవడితే రా.
లేకుంటే నిద్రపో."

రాసుకుంట రాసుకుంట
తల ఎత్తకుండనే అడిగింది:
"ఆమె గురించి ఇంతసేపు అడిగినవ్.
నీ గురించి ఆమెకు ఏమన్న చెప్పినవా?"

సూది దిగితే సురుక్కుమనలే.

రెండేండ్ల కింద ఖమ్మం యార్డుకు పోయిన రాత్రి,
బస్టాండు ఎనుక లాడ్జి, ఫ్యాను తిరగని గది.
అప్పుడు ఏ తొడుగూ లేదు.
తెల్లారి ఇడ్లీ తిని బండెక్కిన.
ఆ దినాలకు ఒక్క గీత గీయలే.

ఇంకోటి గూడ యాదికొచ్చింది.
మొన్నటి ప్యాకెట్టు నేను కొన్నది గాదు.
సూదులు, గుండీలు పెట్టుకునే డబ్బాల నుంచి
స్వరూపనే తీసి
నా చేతుల పెట్టింది, ఏం అడగకుండ.
నన్ను కాపాడిన దాన్ని పట్టుకొని
పన్నెండు దినాలు ఆమెనే అనుమానించిన.

గంటసేపటికి కాగితం ఇచ్చిండ్రు.
ఇప్పటికైతే ఏం లేదని.
నాలుగు మడతలు పెట్టి జేబుల పెట్టుకున్న.
తేలికైతదనుకున్న. కొంత అయింది.

గేటు బయట చెరుకు రసం బండి కాడ నిలవడి
ఫోను చేసిన.
అవతల మిషను కడకడమంటున్నది.
"నీకొక మాట చెప్పేది ఉండె,
ఖమ్మంల..." అన్న.

మిషను ఆగింది.

"చెప్పు," అన్నది.